తెరమీది పరారీలు: ప్రాతినిధ్యం ప్రశ్న

మా కాలేజీ విద్యార్థులు కొందరు ఆదివారాలు ఒకచోట చేరి మంచి సినిమా ఏదైనా చూసి, తరువాత దాన్ని గురించి తర్కించుకోవటం అలవాటు చేసుకున్నారు. అప్పుడప్పుడు నన్నూ పిలుస్తారు. ఆమధ్య వాళ్ళు ‘క్వీన్ అండ్ స్లిమ్’ అనే అమెరికన్ చిత్రం చూపించారు. అది 2019లో వచ్చింది. రాసింది లీనా వెయిత్, దర్శకత్వం మెలీనా మట్సూకస్. ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. నాయికా నాయకులూ నల్లవాళ్ళే. పోలీసుల నుంచి పారిపోతున్న యువతీ యువకుల కథ అది.

సినిమా అయిపోయాక నన్ను మాట్లాడమన్నారు. నేను సంతోషంగానే మాట్లాడాను. ఇటువంటి కథల్లో నల్లవాడికి ఒకప్పుడు బంట్రోతు వేషమో, శవం వేషమో దక్కేది, ఇప్పుడు కథే వాళ్ళ చేతికి వచ్చింది, రాసిందీ వాళ్ళే, తీసిందీ వాళ్ళే, ఇది చిన్న విజయం కాదు అన్నాను. అందరూ తలలూపారు. వెనక కూర్చున్న ఒక కుర్రవాడు మాత్రం లేచి నిలబడ్డాడు.

‘‘మాస్టారూ, అయితే మనవాళ్ళు తెరమీద కనపడాలంటే చావాల్సిందేనా?’’

ఆ ‘మన’ అన్న మాట దగ్గర నా ప్రసంగం ఆగిపోయింది. అతను ఊరి చివర దళితవాడ నుంచి చదువుకోవటానికి వచ్చినవాడు. అమెరికా చూడలేదు, ఆ మనుషులను ఎరగడు. అయినా వాళ్ళను ‘మనవాళ్ళు’ అన్నాడు. నేను లెక్కపెట్టి సంతోషించిన చోట అతను తనను తాను చూసుకుని బాధపడ్డాడు. ఇద్దరం చూసింది ఒకే సినిమా. ఆ రోజు నేను అతనికి సరైన జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేస్తున్న ప్రయత్నం.

కథ చెప్పకుండా చర్చ సాగదు. ఓహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఒక రాత్రి ఇద్దరు మొదటిసారి కలుసుకుని హోటల్లో భోజనం చేస్తారు. ఆమె క్రిమినల్ లాయరు. ఆమె వాదించిన ముద్దాయికి ఆ రోజే మరణశిక్ష ఖాయమైంది. ఒంటరిగా ఉండలేక వచ్చింది. తిరిగి వెళుతుండగా చాలా చిన్న తప్పుకు ఒక తెల్ల పోలీసు వాళ్ళ కారు ఆపుతాడు. మాటా మాటా పెరుగుతుంది. పోలీసు కాలుస్తాడు, ఆమె కాలికి గాయమవుతుంది. పెనుగులాటలో తుపాకి యువకుడి చేతికి వచ్చి పేలుతుంది. పోలీసు చచ్చిపోతాడు. ఇది ఆత్మరక్షణే. చట్టం చదవని యువకుడు లొంగిపోవటం గురించి ఆలోచిస్తాడు. చట్టం చదివిన ఆమె మనకిక్కడ న్యాయం దొరకదు, పారిపోవాలి అంటుంది. ఈ రెండు మాటల్లోనే అమెరికన్ న్యాయవ్యవస్థ మీద ఒక పెద్ద విమర్శ ఉన్నది. అక్కడి నుంచి న్యూ ఆర్లియన్స్, జార్జియా, ఫ్లారిడా, చివరికి క్యూబాకు చేరాలని ఆశ. విమానం దగ్గర ఒకడు డబ్బుకు ఆశపడి పట్టిస్తాడు. ఇద్దరినీ అక్కడే కాల్చి చంపుతారు. వాళ్ళ అసలు పేర్లు మనకు చావు వార్తలోగానీ తెలియవు.

పారిపోయే యువజంట కథ హాలీవుడ్‌కు కొత్తది కాదు. 1937లో ఎడ్వర్డ్ ఆండర్సన్ ‘థీవ్స్ లైక్ అజ్’ అనే నవల రాశాడు. ఆర్థిక సంక్షోభం నాటి బ్యాంకు దొంగల కథ. బ్యాంకులు నడిపేవాళ్ళూ, లాయర్లూ, రాజకీయ నాయకులూ కూడా మనబోటి దొంగలే అనే ఎత్తిపొడుపు ఆ పేరులోనే ఉన్నది. దాన్ని నికొలస్ రే 1948లో ‘దే లివ్ బై నైట్’ అనే పేరుతో తీశాడు. రాబర్ట్ ఆల్ట్‌మన్ 1974లో మళ్ళీ తీశాడు. ఈ మధ్యలో ఆర్థర్ పెన్ ‘బానీ అండ్ క్లైడ్’ 1967లో వచ్చింది. అసలు బానీ పార్కర్, క్లైడ్ బారోలను పోలీసులు 1934 మే 23న లూయిజియానాలో మాటువేసి చంపారు. అప్పటికి ఆమెకు 23 ఏళ్ళు, అతనికి 25.

ఈ కథల్లో కుర్రవాళ్ళు బ్యాంకులు దోస్తారు, మనుషులను చంపుతారు. అయినా వాళ్ళు చచ్చిపోతే మనకు ఏడుపు వస్తుంది. ఎందుకని? వాళ్ళ ఆకలి, వాళ్ళ నవ్వు, వాళ్ళ తల్లులు మనకు కనపడ్డారు గనుక. నేరం పుట్టుకతో రాదు, సమాజం పుట్టిస్తుందనే సత్యాన్ని ఆ సినిమాలు లక్షలమందికి చెప్పాయి. అది అభ్యుదయమే, సందేహం లేదు. కాని ఆ సానుభూతికి ఒక రంగు ఉన్నది. అది తెల్లరంగు.

ఇది కేవలం నిర్మాతల అభిరుచి కాదు, కట్టుబాటు కూడా. హాలీవుడ్ నిర్మాతలు 1930లో ఒక నియమావళి రాసుకుని 1934 నుంచి కచ్చితంగా అమలు చేశారు. నేరస్థుడి పక్షాన ప్రేక్షకుడి మనసు మొగ్గకూడదన్నది అందులో ఒక నియమం. కనుక పారిపోయినవాడు చివరకు చచ్చి తీరాలి, లేదా పట్టుబడి తీరాలి. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమ చూపకూడదన్నది మరొక నియమం. ఈ నిషేధాన్ని 1956లో ఎత్తేశారు. నియమావళే 1968లో పోయింది. నియమం పోయినా అలవాటు పోలేదు.

‘బానీ అండ్ క్లైడ్’లో ఒక చిన్న దృశ్యం ఉన్నది. బ్యాంకు జప్తు చేసుకున్న ఇంటి ముందుకు ఆ ఇంటి తెల్లరైతు చివరిసారి చూసుకోవటానికి వస్తాడు. క్లైడ్ తన తుపాకి అతని చేతికిచ్చి, బ్యాంకు పెట్టిన బోర్డును కాల్చమంటాడు. రైతు కాలుస్తాడు. తరువాత ఆ పొలంలో తనతోపాటు పనిచేసిన నల్లకూలీని పిలిచి అతనికీ ఒక అవకాశం ఇప్పిస్తాడు. కూలీ కాలుస్తాడు. కిటికీ అద్దం పగులుతుంది. ఆ దృశ్యం నాకెప్పుడూ ఇష్టమే. ఇద్దరి శత్రువూ ఒకటేనన్న వర్గసత్యం అందులో ఉన్నది. కాని ఇప్పుడు చూస్తే మరొకటి కూడా కనపడుతున్నది. నల్లకూలీకి దక్కింది ఒక్క గుండు, అదీ అడిగి ఇప్పిస్తే దక్కింది. కథ మాత్రం కారెక్కి వెళ్ళిపోయింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

నల్లవాడే పారిపోయే కథ అంతకు ముందు 1958లో వచ్చింది. స్టాన్లీ క్రేమర్ తీసిన ‘ద డిఫయంట్ వన్స్’. ఒక తెల్లఖైదీ, ఒక నల్లఖైదీ ఒకే సంకెలకు కట్టబడి పారిపోతారు. నల్లఖైదీగా సిడ్నీ పోయిటియర్ నటించాడు. ఉత్తమ నటుడి ఆస్కార్‌కు ఒక నల్లవాడి పేరు పరిశీలనకు రావటం అదే మొదలు. చివరలో పోయిటియర్ కదులుతున్న రైలెక్కుతాడు. తెల్ల సహచరుడు ఎక్కలేకపోతే అతనికోసం రైలును వదులుకుంటాడు. జేమ్స్ బాల్డ్విన్ 1976 నాటి తన పుస్తకం ‘ద డెవిల్ ఫైండ్స్ వర్క్’లో దీన్ని ప్రస్తావించాడు. ఈ దృశ్యానికి ఉదారవాదులైన తెల్ల ప్రేక్షకులు ఊరట చెందారట. హార్లెమ్‌లోని నల్ల ప్రేక్షకులు మాత్రం మండిపడి, ఓరి వెర్రివాడా రైలెక్కు అని తెరమీది మనిషిని కేకలేశారట. ఒకరికి త్యాగంగా కనపడింది మరొకరికి మోసంగా కనపడింది. ఆ కేక వేసిన ప్రేక్షకుడికీ, మా కాలేజీలో లేచి నిలబడిన కుర్రవాడికీ దగ్గర చుట్టరికం ఉన్నదనుకుంటాను.

ఇదే సినిమాలో మరొక సంగతి మన పాఠకులు గమనించదగ్గది. దాని రచయితల్లో ఒకడైన నెడ్రిక్ యంగ్ కమ్యూనిస్టు వ్యతిరేకుల నల్లజాబితాలో ఉన్నవాడు. కనుక నేథన్ డగ్లస్ అనే దొంగపేరుతో రాశాడు. ఆ పేరుకే ఆస్కార్ వచ్చింది. పరారీల కథ రాసినవాడే పరారీలో ఉన్నాడన్నమాట.

ఇప్పుడు మరికాస్త వెనక్కు వెళ్ళాలి. అమెరికా చరిత్రలో అసలు పరారీ ఎవరు? బ్యాంకు దొంగలు పుట్టకముందే ఆ దేశంలో పారిపోయే యువతీ యువకులు వేలమంది ఉన్నారు. వాళ్ళు బానిసలు. వాళ్ళు దొంగిలించింది తమ దేహాలను, తమ యజమానుల నుంచి. 1850లో చేసిన పరారీ బానిసల చట్టం ప్రకారం పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనరు అతన్ని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల రుసుము, విడిచిపెడితే 5 డాలర్లు. న్యాయం ధర ఇంత బాహాటంగా చట్టంలో రాసుకున్న సందర్భాలు తక్కువ.

1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస యువతి కుటుంబంతో సహా కెంటకీ నుంచి బయలుదేరి, గడ్డకట్టిన ఓహైయో నదిని దాటి సిన్సినాటి చేరింది. వేటగాళ్ళు ఇల్లు చుట్టుముట్టారు. బిడ్డలను మళ్ళీ బానిసత్వానికి పంపలేక ఆమె తన రెండేళ్ళ కూతురిని చంపింది. అప్పుడు కోర్టులో ఒక విచిత్రమైన తగాదా వచ్చింది. బానిసత్వాన్ని వ్యతిరేకించేవారు ఆమెను హంతకిగా ఓహైయోలో విచారించమన్నారు. బానిస యజమానులు వద్దు, ఆమె మా ఆస్తి, మాకు అప్పగించండి అన్నారు. అంటే ఆమె మేలు కోరినవారే ఆమె మీద హత్యానేరం మోపమన్నారు. ఎందుకంటే నేరం చెయ్యగలిగేది మనిషే. గొడ్డు నేరం చెయ్యదు, కుర్చీ నేరం చెయ్యదు. ఆమెను నేరస్థురాలని ఒప్పుకుంటే మనిషని ఒప్పుకున్నట్టే. కోర్టు ఒప్పుకోలేదు. ఆస్తిగా తిప్పి పంపేశారు. టోనీ మోరిసన్ 1987లో రాసిన ‘బిలవెడ్’ నవలకు ప్రేరణ ఈ ఉదంతమే.

నాకు దొరికిన జవాబు మొదటి కొస ఇక్కడ ఉన్నది. నేను తెలుగు మాస్టారిని, పిల్లలకు వ్యాకరణం చెబుతాను. వాక్యంలో కర్త ఉంటాడు, కర్మ ఉంటుంది. పని చేసేవాడు కర్త, పని ఎవరిమీద పడుతుందో అది కర్మ. పోలీసు యువకుణ్ణి కాల్చాడు అనే వాక్యంలో యువకుడు కనపడుతున్నాడు, నిజమే. కాని కర్మగా కనపడుతున్నాడు. తెరమీద ఎంతమంది నల్లవాళ్ళున్నారు, ఎంతమంది స్త్రీలున్నారు, ఎంతమంది దళితులున్నారు అన్న లెక్క హాజరుపట్టీ వంటిది. హాజరుపట్టీ అక్కరలేదని నేననను. పేరు పిలవని పిల్లవాడికి పరీక్ష రాసే అవకాశమే ఉండదు. కాని పేరు పిలిచినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు. వాక్యంలో అతను కర్తా, కర్మా అన్నదే అసలు పరీక్ష.

దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. 1888 ఏప్రిల్‌లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరం మన విమర్శకులు తరచుగా పేర్కొంటారు. ప్రాతినిధ్య స్వభావం గల పరిస్థితుల్లో ప్రాతినిధ్య స్వభావం గల పాత్రలను చిత్రించాలన్న సూత్రం ఆ ఉత్తరంలోదే. దాంతోపాటు ఆయన చేసిన ఆక్షేపణను మాత్రం మనం అంతగా గుర్తుంచుకోము. ఆమె నవలలో కార్మికవర్గం తనకు తాను ఏమీ చేసుకోలేని, చేసుకోవాలని కూడా ప్రయత్నించని నిశ్చేష్టమైన సమూహంగా ఉన్నదని ఆయన అభ్యంతరం. అక్కడ కార్మికులు లేరని కాదు, ఉన్నారు. కర్తలుగా లేరు.

కొందరు మిత్రులు అంటారు: ఈ ప్రాతినిధ్యం గొడవ పెట్టుబడిదారుల ఎత్తు, ముఖాలు మార్చి లాభాలు చేసుకోవటమే, వర్గ దృష్టిగలవారు దీనిలో పడకూడదు అని. ఇందులో సగం నిజం ఉన్నది. ముఖాలు మార్చటం వల్ల టిక్కెట్లు అమ్ముడుపోతాయని హాలీవుడ్‌కు బాగా తెలుసు. కాని మిగతా సగం తప్పు. 1865లో అమెరికా రాజ్యాంగానికి చేసిన 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా అయితే చెయ్యించుకోవచ్చని మినహాయింపు ఉంచింది. దాంతో నల్లవాడిని నేరస్థుడిగా చూపటం ఒక ఆర్థిక అవసరమైంది. యుద్ధం తరువాత దక్షిణాది రాష్ట్రాలు ఖైదీలను తోటలకూ గనులకూ కిరాయికి పంపాయి. కనుక ఎవరిని నేరస్థుడిగా చూపాలి, ఎవరి నేరానికి జాలిపడాలి అన్నది కళాప్రశ్న మాత్రమే కాదు. అది శ్రమ ఎవరిదన్న ప్రశ్న కూడా. అక్కడ వర్ణం, వర్గం ఒకే తాటి పేటలు.

ఈ కొలతతో ‘క్వీన్ అండ్ స్లిమ్’ను చూద్దాం.

అందులో గొప్ప గుణాలున్నాయి. బానిసలు దక్షిణం నుంచి ఉత్తరానికి, కెంటకీ నుంచి ఓహైయోకు పారిపోయేవారు. వీళ్ళు ఓహైయో నుంచి దక్షిణానికి పారిపోతారు. ఉత్తరం కూడా స్వేచ్ఛాభూమి కాదని ఆ దారే చెబుతున్నది. చేరదలచింది క్యూబా కావటమూ ఊరకే కాదు. 1979లో జైలు నుంచి తప్పించుకున్న నల్లజాతి విప్లవకారిణి అసాటా షకూర్‌కు ఆశ్రయమిచ్చింది ఆ దేశమే. 2025లో ఆమె అక్కడే చనిపోయింది.

రెండవది, ఇందులో నల్లవాళ్ళందరూ ఒక మూసలో లేరు. దాచిపెట్టిన మామ ఎర్ల్ మంచివాడని చెప్పటానికి వీల్లేదు. ఆడవాళ్ళ మీద బతుకుతున్నవాడు. కారు బాగుచేసిన మెకానిక్‌కు వీళ్ళు చేసిన పని నచ్చదు. ఒక నల్లపోలీసు వీళ్ళను చూసి కూడా చూడనట్టు వదిలేస్తాడు. మరొక నల్లవాడు పట్టిస్తాడు. ఒక తెల్లదంపతులు తమ ఇంటి నేల కింద దాస్తారు. ద్రోహి పాత్రను నల్లవాడికి ఎందుకిచ్చారని కొందరు కోపగించుకోవచ్చు. నాకా కోపం లేదు. ఒక జాతిలో ద్రోహి ఉండటానికి వీల్లేదంటే ఆ జాతిలో మనుషులు ఉండటానికి వీల్లేదని అర్థం. వైవిధ్యం అంటే పది రంగుల ముఖాలు ఒక ఫొటోలో నిలబడటం కాదు. ఒకే రంగు గల పదిమంది పది విధాలుగా ఉండగలగటం.

నాయికా నాయకులు ఇద్దరూ ఇంగ్లండులో పుట్టినవారు కావటం కొందరికి అభ్యంతరం. దక్షిణాది బాధ లండను బిడ్డకేం తెలుసునన్నది ప్రశ్న. నటన పుట్టుపత్రంతో చేసేది కాదు గనుక ఇది కళాపరంగా నిలవదు. అయితే అక్కడి నటులకు పని దొరకటం లేదన్నది వేరే ఫిర్యాదు. అది న్యాయమైనదే, దాని పరిష్కారం స్టూడియోల దగ్గర ఉన్నది.

ఇక లోపాలు. క్లైడ్‌ను ప్రేమించటానికి ప్రేక్షకుడు అతని నిర్దోషిత్వాన్ని అడగలేదు. అతను దొంగ, అయినా మనవాడు. ఈ నల్లయువకుడు మాత్రం ఆత్మరక్షణకే కాల్చాలి. అదీ చాలదన్నట్టు, చచ్చిన పోలీసు అంతకు ముందే ఒక నల్లవాణ్ణి చంపి ఉన్నాడని మనకు తెలియాలి. ఇన్ని ధ్రువపత్రాలు జతచేస్తేగాని మన జాలి దరఖాస్తు మంజూరు కాదు. తెల్లవాడికి దోషిగా కూడా మనిషే అయ్యే హక్కు ఉన్నది. నల్లవాడు నిర్దోషి అయినా చావాలి. మార్గరెట్ గార్నర్‌కు కోర్టు కాదన్నది ఈ హక్కునే.

అంతకంటె పెద్ద లోపం మెకానిక్ కొడుకుది. ఆ పిల్లవాడు పరారీ జంటను ఆరాధిస్తాడు, వాళ్ళ ఫొటో తీస్తాడు. తరువాత ఒక ప్రదర్శనలో తనను ఇంటికి వెళ్ళమని నచ్చచెబుతున్న ఒక నల్లపోలీసును కాల్చి, తానూ ప్రాణం పోగొట్టుకుంటాడు. ఎందుకు కాల్చాడో సినిమా చెప్పదు. ఆ సంఘటనను నాయికా నాయకుల ప్రణయదృశ్యంతో కలిపి కత్తిరించి అతికించారు. వేలమంది వీధిలోకి వచ్చిన ఉద్యమం అక్కడ ఉన్నది, కాని ఒక పిల్లవాడి ఉన్మాదానికి నేపథ్యంగా మాత్రమే ఉన్నది. చివరికి చనిపోయిన ఇద్దరి బొమ్మ గోడల మీదికి, చొక్కాల మీదికి ఎక్కుతుంది. జనం ఆ బొమ్మను చూస్తూ నిలబడతారు. ఎంగెల్స్ చెప్పిన నిశ్చేష్టమైన సమూహం మళ్ళీ వచ్చింది, ఈసారి బొమ్మ వేసిన చొక్కాలు తొడుక్కుని.

మా కుర్రవాడు ‘మన’ అన్నాడు గనుక మన దగ్గరకూ ఒకసారి రావాలి. 2016లో నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ చిత్రం ‘సైరాట్’లో పారిపోయిన జంట చేరేది మన హైదరాబాదుకే. అతను చేపలు పట్టే కుటుంబం బిడ్డ. ఆమె పెత్తందారు కూతురు. భాష తెలియని ఊళ్ళో మురికివాడలో వాళ్ళకు నీడ ఇచ్చేది దోసెలు అమ్ముకునే ఒక స్త్రీ. ఈ కథా చావుతోనే ముగుస్తుంది, ఆమె పుట్టింటివారే వచ్చి చంపుతారు. అయినా దాన్ని చూసినవారికి ఆమె ట్రాక్టరు నడపటం, బుల్లెట్ బండి నడపటం గుర్తుంటాయి. ముందు మాట్లాడేది ఆమె, ముందు అడుగు వేసేది ఆమె. చావు ఆమె మీద పడింది గాని బతుకు ఆమె చేసుకున్నది. దాన్నే 2018లో ‘ధడక్’ పేరుతో హిందీలో తీసినప్పుడు ప్రేమ మిగిలింది, చావు మిగిలింది, కులం పదును పోయింది. కారణం పోయి శవం మిగిలితే అది విషాదం కాదు, వినోదం.

ఇదంతా రాసుకుని మర్నాటి ఆదివారం ఆ కుర్రవాడికి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. ‘‘కర్త సంగతి బాగుంది మాస్టారూ. కాని కర్త చచ్చిపోతే వాక్యం అయిపోయినట్టే గదా’’ అన్నాడు.

అతను అన్నది నిజం. చావు చూపకూడదని నేను చెప్పలేను. చంపుతున్న సమాజంలో చావును దాచటం అబద్ధమవుతుంది. అయితే చావుతో ముగించటం అలవాటైతే అది మరొక నియమావళి. 1934లో పెట్టుబడిదారులు పారిపోయినవాడు చావాలన్నారు, నీతి నిలబడాలని. ఇప్పుడు సానుభూతిపరులు కూడా చావాలనే అంటున్నారు, కన్నీరు రావాలని. దారులు వేరు, చేరే చోటు ఒకటే.

కనుక రచయితలు ఇక్కడ ఆగిపోకూడదు. పారిపోయినవాణ్ణి నేల కింద దాచిన ఇంటివాళ్ళ మీద కేసు పెడితే ఏమయింది? చూసి వదిలేసిన పోలీసు ఆ రాత్రి ఇంటికి పోయి భార్యతో ఏమన్నాడు? దోసెలమ్మే మనిషి మర్నాడు పోలీసులకు ఏం సాక్ష్యం చెప్పింది? ఈ కథలు ఇంకా రాయవలసి ఉన్నాయి. వీటిలో కర్త ఒక్కడు కాడు గనుక, ఒక్క గుండుతో ఈ వాక్యాలు అయిపోవు.

ఆ మాటే అతనితో అన్నాను. అతను ఒప్పుకున్నాడని చెప్పలేను. ఆలోచించి చెబుతానన్నాడు. పోతూ పోతూ సిన్సినాటి కోర్టు సంగతి ఎక్కడ చదివారో ఆ పుస్తకం ఇమ్మని అడిగి పట్టుకుపోయాడు.